మగవారి మర్మస్థానంలో పొక్కులు: ఏది మొటిమ, ఏది కాదు?

ముఖంపై ఒక మొటిమ లేస్తే ఇంటిల్లిపాదికీ చూపించి సలహా అడిగే మగవారు, అటువంటిదే మర్మస్థానంలో లేస్తే కన్నతండ్రికైనా చెప్పరు. వైద్యుని వద్దకు వచ్చినా ముందుగా అజీర్తి గురించీ, నడుము నొప్పి గురించీ పది నిమిషాలు మాట్లాడతారు. ఇక లేచి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అసలు విషయం బయటపెడతారు. అప్పటికే ఆ పొక్కు మీద ఏదో ఒకటి పూసి ఉంటారు. ఇన్నేళ్ళ వైద్యవృత్తిలో నేను గమనించినది ఏమంటే, ఈ భాగంలో పొక్కు వల్ల బాధపడినవారికంటే, పొక్కు మీద పూసినదాని వల్ల బాధపడినవారే ఎక్కువ. అందువల్ల ఈ వ్యాసంలో ఏమి పూయాలన్న దానికి ముందు, ఆ పొక్కు ఏమిటో గుర్తించడం ఎలాగన్న విషయాన్ని, ఏమి పూయకూడదన్న విషయాన్ని కాస్త వివరంగా తెలియజేస్తాను. ఇంటి ఆడవారు చదివి భర్తకో, కుమారునికో ఈ పుట తెరిచి ఇచ్చినా మంచిదే.

ఈ చర్మం ముఖ చర్మం వంటిది కాదు

పొత్తికడుపు దిగువ, గజ్జలలో, వృషణకోశంపై ఉండే చర్మంలో రోమకూపాలు, తైలగ్రంథులు, స్వేదగ్రంథులు మూడూ ఉంటాయి. ఒక చర్మపు మడత మరొక మడతను రాసుకుంటూ ఉండడం వల్ల అక్కడ గాలి ఆడదు. చెమట త్వరగా ఆరదు. మొటిమ పుట్టడానికి కావలసినవన్నీ అక్కడ సిద్ధంగా ఉన్నాయన్నమాట. ముఖ్యంగా తెలుసుకోవలసినది మరొకటి ఉంది. వృషణకోశపు చర్మం చాలా పలుచన. దానిపై పూసిన మందు శరీరంలోకి ఇంకిపోయే వేగం మరే భాగంలోనూ లేదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు హైడ్రోకార్టిజోన్ అనే మందును శరీరంలోని వేర్వేరు చోట్ల పూసి, ఎక్కడ ఎంత ఇంకుతుందో కొలిచారు. ముంజేతి చర్మంతో పోలిస్తే వృషణకోశపు చర్మం గుండా సుమారు 42 రెట్లు ఎక్కువ మందు లోపలికి పోయినట్లు తేలింది. చేతికి పూస్తే చురుక్కుమనే పదార్థం ఇక్కడ పూస్తే కాల్చివేయడానికి కారణం ఇదే.

మన పూర్వులు ఈ సంగతిని కొలతలతో కాకపోయినా అనుభవంతో బాగా ఎరుగుదురు. సుశ్రుత సంహిత నిదానస్థానంలో 14వ అధ్యాయం పూర్తిగా దీనికే కేటాయించబడింది. లింగవృద్ధి కోసం 'శూకం' అనే తీక్ష్ణమైన పదార్థాన్ని పూసుకునే అవివేకుల వల్ల ఆ భాగంలో పుట్టే 18 రకాల రోగాలను సుశ్రుతుడు 'శూకదోషాలు' అన్న పేరుతో వర్ణించాడు. వాటిలో మొదటిదాని పేరు సర్షపిక, అంటే ఆవగింజను పోలిన పొక్కు. ఇన్ని శతాబ్దాల తరువాత కూడా గోడలమీద ప్రకటనలు చూసి తైలాలు కొని పూసుకునేవారు ఉన్నారంటే, ఆ అధ్యాయానికి ఇంకా కాలం చెల్లలేదని చెప్పాలి. అదే స్థానంలో క్షుద్రరోగాల అధ్యాయంలో 'వృషణకచ్ఛువు' అనే మరొక వ్యాధి చెప్పబడింది. స్నానం సరిగా చేయనివానికి వృషణాల వద్ద మాలిన్యం పేరుకొని, చెమటతో తడిసి దురద పుట్టి, గోకుటవల్ల పొక్కులు లేచి రసి కారుతుందని దాని సారాంశం. ఒక వ్యాధి అతిగా పూయడం వల్ల, ఒకటి అసలే పట్టించుకోకపోవడం వల్ల. నేటికీ మా వద్దకు వచ్చేవారు ఎక్కువగా ఈ రెండు తెగలవారే.

రోగం కానివి

డిగ్రీ చదువుతున్న ఒక యువకుడు రెండేళ్ళ క్రితం నా వద్దకు వచ్చాడు. లింగాగ్రం చుట్టూ అంచు వెంబడి తెల్లటి సన్నని పొక్కులు ఒక వరుసగా ఉన్నాయి. అవి సుఖవ్యాధి అని భయపడి, పట్టణంలో లాడ్జి గది తీసుకుని వైద్యం చేసే ఒక 'గుప్తరోగ నిపుణుని' ఆశ్రయించాడు. ఆయన అది ముదిరిన వ్యాధి అని చెప్పి, ఇంట్లో ఫీజులకని ఇచ్చిన డబ్బంతా తీసుకుని, ఏవో బస్మాలూ ఒక తైలమూ ఇచ్చాడు. తైలం పూసిన చోట చర్మం ఊడి పుండు పడింది. పొక్కులు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. ఉండక ఏమవుతాయి? అవి రోగమే కావు.

లింగాగ్రపు అంచున ఒకటి లేదా రెండు వరుసలుగా, ముత్యాలు గుచ్చినట్లు, అన్నీ ఒకే పరిమాణంలో, 1 నుండి 3 మిల్లీమీటర్ల వరకు ఉండే ఈ పొక్కులు ఎందరో ఆరోగ్యవంతులైన మగవారికి ఉంటాయి. యౌవనంలో కనిపిస్తాయి. వయసు పెరిగినకొద్దీ క్రమంగా తగ్గుతాయి. దురద, మంట, నొప్పి ఏవీ ఉండవు. ఒకరినుండి ఒకరికి అంటవు. అపరిశుభ్రత వల్ల గాని, హస్తప్రయోగం వల్ల గాని వచ్చినవి కావు. చికిత్స అవసరం లేదు. ఆ యువకునికి నేను చేసిన వైద్యమంతా తైలం వల్ల పడిన పుండుకే.

ఇటువంటివే మరికొన్ని ఉన్నాయి. లింగపు కాండంమీద, వృషణకోశంమీద చర్మాన్ని సాగదీస్తే రవ్వ గింజల వంటి లేత పసుపు చుక్కలు కనిపించవచ్చు. అవి వెంట్రుక లేని తైలగ్రంథులు. 1896లో ఫోర్డైస్ అనే అమెరికన్ చర్మవైద్యుడు వర్ణించడం వల్ల ఆయన పేరుతోనే పిలువబడుతున్నాయి. పెదవులపై, బుగ్గల లోపలి భాగంలో కూడా ఇవే చుక్కలు చాలామందికి ఉంటాయి. అద్దంలో చూసుకుంటే మీకే తెలుస్తుంది. వయసు మళ్ళినవారికి వృషణకోశంపై ముదురు ఎరుపు లేదా ఊదా రంగు చుక్కలు తలెత్తుతాయి. ఇవి ఉబ్బిన సూక్ష్మ రక్తనాళాలు. గోకితే రక్తం వచ్చి భయపెడతాయే తప్ప అపాయం లేదు. మెత్తని బట్టతో కాసేపు అదిమి పట్టుకుంటే రక్తం ఆగిపోతుంది. వృషణకోశపు చర్మంలో బఠాణీ గింజంత గట్టిగా, నొప్పి లేకుండా, ఏళ్ళ తరబడి కదలకుండా ఉండే తెల్లని ఉండలు కూడా కొందరికి ఉంటాయి. వాటిని నొక్కి పగులగొట్టాలని చూస్తేనే చీము పడుతుంది. అయితే చర్మంలో కాక, లోపల వృషణంలోనే గట్టి గడ్డ చేతికి తగిలితే మాత్రం అది వేరే సంగతి. వెంటనే వైద్యునికి చూపించాలి.

అసలైన మొటిమలు

మొటిమను గుర్తించడానికి ఒక సులభమైన ఆనవాలు ఉంది. ఎర్రగా లేచి, కొసన తెల్లని చీము చుక్క ఉండి, దాని నడుమనుండి ఒక వెంట్రుక బయటికి వచ్చి ఉంటే అది రోమకూపం చీము పట్టడమే. సాధారణంగా స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మక్రిమి దీనికి కారకం. ముట్టుకుంటే కాస్త నొప్పి ఉంటుంది. పొత్తికడుపు దిగువ, గజ్జలలో, లింగ మూలంలో, వెంట్రుకలు ఉన్న చోట్లనే వస్తుంది. వెంట్రుకలు లేని లింగాగ్రంపై మొటిమ రాదు. అక్కడ ఏ పొక్కు లేచినా, పుండు పడినా అది మరొకటని తెలుసుకోవాలి.

రెండవ రకం క్షౌరం తరువాత వచ్చేది. బ్లేడుతో నున్నగా గీసినప్పుడు వెంట్రుక కొస వాడిగా తెగుతుంది. అది తిరిగి పెరిగేటప్పుడు, ఉంగరాలు తిరిగిన వెంట్రుక కావడంవల్ల, వంగి పక్కనున్న చర్మాన్నే గుచ్చుకుంటుంది. దేహం దానిని ముల్లు వలె భావించి ఎర్రని పొక్కును పుట్టిస్తుంది. క్షౌరం చేసుకున్న ఒకటి రెండు రోజులకు గుంపుగా ఎర్రని పొక్కులు లేస్తే ఇదేనని గ్రహించవచ్చు. పొక్కులు పోవాలని మళ్ళీ గీసుకునేవారు చాలామంది. అలా చేస్తే అవి రెట్టింపవుతాయి.

రోమకూపం లోతుగా చీము పడితే సెగగడ్డ అవుతుంది. ఎండకాలంలో మన కోస్తా జిల్లాల ఉక్కపోతకు గజ్జలలో సన్నని నీటిబుడగల వంటి చెమటపొక్కులు కూడా లేస్తాయి. చల్లటి గాలి తగిలితే అవే సర్దుకుంటాయి.

మామూలు మొటిమకు చేయవలసినది స్వల్పమే. శుభ్రమైన నూలుగుడ్డను గోరువెచ్చని నీటిలో ముంచి పిండి, పొక్కుమీద పది పదిహేను నిమిషాలు కాపడం పెట్టాలి. రోజుకు మూడుసార్లు చేస్తే లోపలి చీము తనంతట తాను దారి చేసుకుంటుంది. గుడ్డ వేడిని ముందుగా మణికట్టు లోపలి భాగంపై పరీక్షించుకోవాలి. ఈ భాగంలో కాలిన బొబ్బ మొటిమకంటే పెద్ద బాధ. కాపడానికి వాడిన గుడ్డను ఉడికించి ఎండలో ఆరవేయాలి. దానిని మరెవరూ వాడరాదు.

పొక్కు చితికి రసి కారుతుంటే కడగడానికి ఆయుర్వేదంలో తరతరాలుగా వాడుతున్నది త్రిఫలా కషాయం. కరక్కాయ, తానికాయ, ఉసిరిక కలిసిన త్రిఫలా చూర్ణం ఒక చెంచా, నీరు రెండు గ్లాసులు కలిపి, సన్నని సెగపై ఒక గ్లాసు మిగిలేవరకు కాచి, రెండు మడతల గుడ్డలో వడకట్టాలి. పొడి నలుసు కూడా మిగలకూడదు. బాగా చల్లారిన తరువాత ఉదయం, సాయంత్రం దానితో కడిగి, మంచినీటితో మరొకసారి కడిగి, తడి లేకుండా అద్దుకోవాలి. ఒగరు గుణం వల్ల రసి ఆరుతుంది. కషాయం ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. తెల్లబట్టకు తగిలితే మరక పోదు, జాగ్రత్త. త్రిఫల దొరకనివారు గుప్పెడు వేపాకు వేసి కాచి చల్లార్చిన నీటిని ఇలాగే వాడుకోవచ్చు. వేపనూనెను మాత్రం నేరుగా పూయరాదు. దేనితో కడిగినా మంట ఎక్కువైతే వెంటనే మాని, మామూలు నీటితో సరిపెట్టుకోవాలి.

లోపలికి మందులు కావాలా అని అడుగుతారు. ఒకటి రెండు మొటిమలకు అక్కరలేదని నా అభిప్రాయం. వేసవిలో సుగంధిపాల వేరు నానబెట్టిన నీరు త్రాగడం మన ఇళ్ళలో ఉన్న ఆచారమే, త్రాగండి. ఆసవాలు వాడేవారు వాటిలో బెల్లం ఉంటుందని గుర్తుంచుకోవాలి. మధుమేహం ఉన్నవారికి అవి తగవు. వంకాయ, గోంగూర, ఆవపెట్టిన కూర తినకూడదా అంటే, పథ్యంపై గట్టి నమ్మకం ఉన్నవారు నాలుగు రోజులు మానవచ్చు. తిన్నంతమాత్రాన ఈ పొక్కులు వస్తాయని మాత్రం నేను చెప్పను.

గోళ్ళతో గిల్లడం, రెండు వేళ్ళ మధ్య నొక్కడం, సూదితో పొడవడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. చీము బయటికి వచ్చినంతే లోపలికీ పోతుంది. ఈ భాగంలోని వదులైన చర్మం కింద అది పాకడానికి అడ్డు ఉండదు. వారం పది రోజులలో తగ్గుముఖం పట్టకపోతే వైద్యునికి చూపించి తగిన మందు తీసుకోవడమే మేలు.

వీటిని దగ్గరకు రానీయవద్దు

ముఖంపై మొటిమకు నిమ్మరసం పూసి బాగుపడినవారు ఇక్కడా అదే పూస్తారు. కొందరు వెల్లుల్లి నూరి పెడతారు. పళ్ళు తోముకునే పేస్టు పూసేవారున్నారు. సెగగడ్డకు సున్నమూ బెల్లమూ కలిపి పట్టు వేయడం పల్లెలలో అందరికీ తెలిసిన వైద్యమే. కాలిమీదనో వీపుమీదనో అది సాగుతుందేమోగాని, వృషణకోశంపై వేస్తే తోలు ఊడుతుంది. పులిపిర్లకు జిల్లేడుపాలు, నల్లజీడి రసం పెట్టేవారి సంగతి చెప్పనే అక్కరలేదు. అవి ఎక్కడ తగిలినా బొబ్బలు లేపే పదార్థాలు. నల్లజీడి రసం అంటిన చేయి మరొకచోట తగిలితే అక్కడా పొక్కుతుంది. తెల్లవారి పాచి ఉమ్మి రాస్తే మొటిమ పోతుందన్న నమ్మకం ఒకటి ఉంది. నోటిలోని క్రిములను పొక్కులోకి చేర్చడం తప్ప దానివల్ల ప్రయోజనం లేదు. కర్పూరం, పిప్పరమెంటు కలిసిన చల్లటి పౌడర్లు, నీరు కలపని క్రిమినాశక ద్రావణాలు కూడా ఈ జాబితాలోనివే.

వీటన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్నది మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే ట్యూబు. 'గజ్జలలో దురదగా ఉంది, ఏదైనా ఇవ్వండి' అనగానే చేతికి వచ్చే క్రీములలో తామరను చంపే మందు, క్రిములను చంపే మందులతోపాటు, క్లోబెటసాల్ వంటి తీవ్రమైన స్టిరాయిడ్ కూడా కలిసి ఉండడం సాధారణం. పూసిన రెండు రోజులకే దురద, ఎరుపు మాయమవుతాయి. వాడినవారు ఆనందపడి పది మందికి చెబుతారు. కాని స్టిరాయిడ్ అణచినది దేహం చేసే ప్రతిఘటనను మాత్రమే. అడుగున తామర చాపకింద నీరులా పాకుతూనే ఉంటుంది. మానగానే రెట్టింపుగా బయటపడుతుంది. మళ్ళీ పూస్తారు. కొన్ని నెలలకు చర్మం పలచబడి, తొడల మొదట్లో చెరగని ఎర్రని చారలు పడతాయి. వృషణకోశం ఎప్పుడూ ఎర్రగా కంది, పూయకపోతే భగభగ మండే స్థితి వస్తుంది. స్టిరాయిడ్ వల్ల కొత్తగా మొటిమలు కూడా పుడతాయి. 42 రెట్ల లెక్క ఇక్కడ మరొకసారి జ్ఞాపకం తెచ్చుకోవాలి. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పైపూత స్టిరాయిడ్లను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన తెచ్చింది. నిబంధన ఉన్నా, అడిగితే ఇచ్చే దుకాణాలకు కొదవ లేదు. ట్యూబుమీద సన్నని అక్షరాలలో ఉన్న మందుల పేర్లను చదవండి. '–సోన్' అనీ, '–సాల్' అనీ ముగిసే పేరు కనబడితే అది ఏమిటో వైద్యుని అడగకుండా మూత తీయవద్దు.

మొటిమ వలె కనిపించే వేరే వ్యాధులు

లింగంమీద, వృషణకోశంమీద ఎర్రని గట్టి బుడిపెలు లేచి, రాత్రి పక్క ఎక్కగానే దురద రెచ్చిపోతుంటే, వ్రేళ్ళ సందులు, మణికట్లు, బొడ్డు చుట్టూ కూడా పరిశీలించండి. అక్కడ కూడా పొక్కులు ఉంటే అది గజ్జి. ఇంట్లో మరొకరు కూడా గోకుతూ ఉంటే ఇక అనుమానమే లేదు. దీనికి పెర్మెత్రిన్ 5 శాతం క్రీమును మెడనుండి అరికాళ్ళ వరకు రాత్రి పూసి, ఉదయం కడుగుకోవాలి. వారం తరువాత మరొకసారి పూయాలి. దురద ఉన్నా లేకున్నా ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి పూసుకోవాలి. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట వైద్యుని అడిగి వాడాలి. మగవారు సిగ్గుపడి ఒక్కరే పూసుకోవడంవల్లనే గజ్జి ఇంటిని వదలడం లేదు. చికిత్స తరువాత కూడా ఆ బుడిపెలు కొన్ని వారాలు ఉండవచ్చు. కంగారు పడనక్కరలేదు.

నొప్పి బిళ్ళో, మరేదైనా మాత్రో వేసుకున్న ప్రతిసారీ లింగంపై ఒకే చోట ఎర్రగా కంది, మండి, నల్లని మచ్చ మిగులుతుంటే అది ఆ మాత్ర పడకపోవడం. మాత్ర పేరు వ్రాసి పెట్టుకుని వైద్యునికి చెప్పాలి.

నున్నగా ముత్యంవలె ఉండి, నడుమ బొడ్డులా చిన్న గుంట ఉంటే మొలస్కం అనే వైరస్ పొక్కు. గరుకుగా, కోడిజుట్టు వలె పెరిగేవి పులిపిర్లు. ఇవి హెచ్.పి.వి. అనే వైరస్ వల్ల వస్తాయి. నీటి బుడగలు గుంపుగా లేచి, చితికి, మంటతో పుండ్లయి, మానిన కొన్నాళ్ళకు మళ్ళీ దాదాపు అదే చోట లేస్తుంటే హెర్పిస్ అయి ఉండవచ్చు. పెద్దవారిలో ఈ మూడూ ఎక్కువగా దేహసంబంధం వల్ల అంటేవే. మొలస్కం మాత్రం పిల్లలకు మామూలు తాకిడివల్లనే వస్తుంది. కాబట్టి పిల్లవానిలో చూసి అపార్థం చేసుకోరాదు.

అన్నిటికంటే మోసకరమైనది సవాయి, అంటే సిఫిలిస్. సంబంధం జరిగిన 10 నుండి 90 రోజులలోపు, సామాన్యంగా మూడు వారాలకు, ఒక పొక్కు లేచి గట్టి అంచుగల పుండు అవుతుంది. గజ్జలలో బిళ్ళ కడుతుంది. పుండుకు నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పైగా ఏ మందూ లేకుండానే మూడు నుండి ఆరు వారాలలో అది మానిపోతుంది. వేపనూనె పూసినవాడు వేపనూనె పనిచేసిందనుకుంటాడు. వ్యాధి మాత్రం రక్తంలో ఉండిపోయి, తరువాత అరచేతులలో, అరికాళ్ళలో దద్దురులుగా బయటపడుతుంది. ఏళ్ళు గడిచాక గుండెకు, మెదడుకు ముప్పు తెస్తుంది. భార్యకూ, ఆమె కడుపులోని బిడ్డకూ సోకుతుంది. ఒక రక్తపరీక్షతో బయటపడి, పెనిసిలిన్‌తో నయమయ్యే వ్యాధికి ఇంత మూల్యం చెల్లించడం అన్యాయం. దీనికి గృహవైద్యం లేదు, ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెబుతున్నాను. జిల్లా ఆసుపత్రులలో, బోధనాసుపత్రులలో 'సురక్ష క్లినిక్' అనే పేరుతో ఇటువంటి వ్యాధులకు ఉచితంగా పరీక్షలు, చికిత్స ఉన్నాయి. అక్కడ చెప్పిన విషయాలు గోప్యంగా ఉంచుతారు. భార్యాభర్తలు ఇద్దరూ కలిసి వెళ్ళడం అవసరం.

సంబంధం ఏమీ లేకపోయినా, లింగంపై పుండు గాని గడ్డ గాని మూడు వారాలైనా మానకపోతే, ముఖ్యంగా ముందుతోలు వెనుకకు రాని పెద్దవారిలో, పొగాకు అలవాటు ఉన్నవారిలో, కాన్సరు కాదని నిర్ధారించుకోవాలి.

రాకుండా చూసుకోవడం

క్షౌరం విషయంలో నా సలహా చాలామందికి రుచించదు. నున్నగా గీసుకోవద్దు. ఆ వెంట్రుకలు మురికి కావు, మడతల మధ్య రాపిడిని తగ్గించేవే. పెరిగాయనిపిస్తే చిన్న కత్తెరతోనో, ట్రిమ్మరుతోనో నాలుగైదు మిల్లీమీటర్లు ఉండేలా కత్తిరించుకుంటే చాలు. గీసుకోక తప్పనివారు స్నానం తరువాత, వెంట్రుకలు మెత్తబడినప్పుడు, కొత్త బ్లేడుతో, వెంట్రుక వాలిన దిశలోనే ఒకసారి మాత్రం గీయాలి. తండ్రి బ్లేడు కొడుకు, అన్న బ్లేడు తమ్ముడు వాడరాదు. రోమనాశక క్రీములను జననేంద్రియాలపై వాడరాదని చాలా పెట్టెలమీద ముద్రించే ఉంటుంది. చదివేవారు తక్కువ.

రోజూ స్నానంలో ఘాటు లేని సబ్బు చాలు. సున్నిపిండితో అక్కడ రుద్దడం, పీచుతో తోమడం మానాలి. ముందుతోలు ఉన్నవారు దానిని నెమ్మదిగా వెనుకకు లాగి వట్టి నీటితో కడిగి, ఆరిన తరువాత తిరిగి ముందుకు తేవాలి. పసిపిల్లలకు మాత్రం బలవంతంగా వెనుకకు లాగరాదు. స్నానం కంటే ముఖ్యమైనది ఆరబెట్టుకోవడం. ఒళ్ళంతా తుడుచుకుని గజ్జలను తడిగానే వదలి బట్టలు వేసుకోవడం చాలామందికి అలవాటు.

లోపలి బట్టలు నూలువి, వదులువి వాడాలి. రోజూ మార్చాలి, చెమట పడితే రెండుసార్లు మార్చాలి. సబ్బు పోయేవరకు జాడించి ఎండలో ఆరవేయాలి. తలుపు వెనుక కొక్కేనికి ఆరవేసిన తడి బట్టలతోనే తామర సగం పుడుతుంది. రోజంతా మోటారుసైకిలుమీద తిరిగేవారు, బిగుతైన జీన్సు వేసేవారు, కుర్చీ వదలని ఉద్యోగులు ఇల్లు చేరగానే లుంగీకో పంచెకో మారడం మంచిది. రాత్రి పడుకునేటప్పుడు లోపలి బట్ట అవసరమే లేదు. మన పెద్దల పంచెకట్టులో గాలి ఆడే సౌకర్యం ఎంత ఉందో జీన్సు వేసిన తరానికి గజ్జలలో తామర వస్తేగాని తెలియడం లేదు.

చక్కెర ఉన్నవారికి

ముందుతోలు మాటిమాటికీ ఎర్రబడి, పగిలి, తెల్లని పూతతో దురద పెడుతుంటే నేను ముందుగా వ్రాసేది రక్తంలో చక్కెర పరీక్ష. మధుమేహం మొదటిసారి ఇలా బయటపడినవారు నాకు తెలిసినవారిలోనే పలువురు ఉన్నారు. ఇప్పుడు విరివిగా వాడుతున్న డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపుతాయి. అందుచేత కొందరికి ఆ భాగంలో బూజు తెగులు వస్తుంది. మాత్ర మానవద్దు. మూత్రవిసర్జన తరువాత నీటితో కడిగి ఆరబెట్టుకుంటూ, విషయాన్ని వైద్యునికి తెలియజేయండి.

గజ్జలలో, చంకలలో గడ్డలు లేచి, పగిలి, లోపల సొరంగాల వలె కలిసిపోతూ ఏడాదికి పలుమార్లు వస్తుంటే అది వట్టి సెగగడ్డ కాదు, పదే పదే తిరగబెట్టే ఒక ప్రత్యేక చర్మవ్యాధి. ధూమపానం, స్థూలకాయం దానిని పెంచుతాయి. చర్మవైద్య నిపుణుని చికిత్స దీర్ఘకాలం కావాలి.

ఇక గంటలు లెక్కపెట్టవలసిన పరిస్థితి ఒకటి ఉంది. చక్కెరవ్యాధి ఉన్నవారికి, మద్యం అతిగా సేవించేవారికి, గజ్జలలోనో వృషణకోశంపైనో చిన్న పొక్కుగా మొదలై, పైకి కనిపించేదానికి పొంతన లేనంత తీవ్రమైన నొప్పి వస్తుంది. వాపు గంట గంటకూ పాకుతుంది. జ్వరం, వణుకు, దుర్వాసన, చర్మం నల్లబడడం, నొక్కితే కరకరమని శబ్దం రావడం తరువాతి లక్షణాలు. 1883లో ఫోర్నియే అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించిన కుళ్ళువ్యాధి ఇది. కాపడం, కషాయం, రేపు ఉదయం చూద్దామనుకోవడం ఏవీ పనికిరావు. శస్త్రచికిత్స చేసే పెద్దాసుపత్రికి ఆ రాత్రే చేర్చాలి. ఇంటి పెద్దాయన ఎన్నడూ లేనిది జ్వరంతో మంచం దిగకుండా, కాళ్ళు ఎడంగా పెట్టి పడుకుని, ఎక్కడ నొప్పి అంటే చెప్పడానికి సంకోచిస్తుంటే, భార్య గాని కుమారుడు గాని మొహమాటం విడిచి దుప్పటి తొలగించి చూడాలి.